విల్లు పట్టడం నేర్పిన మనిషికి రుణం ఎలా చెప్పుకోవాలి

మీకు విల్లు పట్టడం నేర్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. రసీదు రాసి ఫీజు తీసుకోలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఎండలో నిలబెట్టి, మోచెయ్యి పట్టుకుని సరిచేసి, గడ్డిలో పోయిన బాణాలు ఏరుకొచ్చి, విరిగినవి మళ్ళీ కట్టి ఇచ్చాడు. ఇప్పుడు మీ చెయ్యి కాస్త నిలిచింది. ఆయనకు ఏదైనా చేయాలని మనసులో ఉంది, ఏం చేస్తే బాగుంటుందో తేలడం లేదు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నాది అచ్చంపేట, చిన్న కిరాణా కొట్టు. నాకు నేర్పింది మన్ననూరు దాటాక నల్లమల అడవి లోపల ఒక పెంటలో, అంటే చెంచుల చిన్న గూడెంలో, ఉండే చెంచు పెద్దాయన. ఉప్పుకో అగ్గిపెట్టెకో కొట్టుకు వచ్చేవాడు. ఒకసారి చంకలో వెదురు విల్లు పెట్టుకుని వచ్చాడు. "నేర్పుతావా తాతా?" అని అడిగాను. నన్ను కిందా మీదా చూసి "ఐతారం రా" అన్నాడు. అంతే మాట. నాలుగేళ్ళు మధ్యాహ్నానికే కొట్టు కట్టేసి ఆదివారాలు ఆయన దగ్గరికి పోయాను.

ఆయనకు నా మనసులో మాట చెప్పుకునే ప్రయత్నంలో మొదట్లో రెండు తప్పులు చేశాను. రెండూ ఆయన్ని బాధపెట్టాయి. ఆ తప్పులూ, తర్వాత సరిగ్గా కుదిరినవీ కలిపి, నేను ఇప్పుడైతే ఏ వరసలో చేస్తానో ఆ వరసలోనే చెబుతాను.

ముందు ఆయన ఏం నేర్పాడో రాసుకోండి

"విలువిద్య నేర్పాడు" అనుకుని ఊరుకుంటే మీ నోటి నుంచి వచ్చే మాట కూడా అంతే పొడిగా ఉంటుంది. ఒక నోటు పుస్తకం తీసుకుని, ఆయన చెప్పినవి ఆయన మాటల్లోనే రాయండి. యాస మార్చకండి. నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది:

"బాణాన్ని జూడకు బిడ్డా, అది పోయే జాగ జూడు."

"ఊపిరి బిగబట్టకు. సగం ఇడిసి ఆపు."

"ఎడమ చెయ్యి పిడికిలి గట్టిగ పట్టకు. కోడిపిల్లను పట్టినట్టు పట్టు."

"నారి దించి పెట్టు. నువ్వు రాత్రి పండుకోవా? దాన్ని గూడ పండుకోనియ్యి."

చివరిది ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. వెదురు విల్లుకు రాత్రింబవళ్ళు నారి (వింటి తాడు) బిగించే ఉంచితే అది ఆ వంపులోనే ఉండిపోతుంది, మళ్ళీ నిటారుగా లేవదు, బలం తగ్గిపోతుంది. వాడేటప్పుడే నారి ఎక్కించాలి, వాడటం అయిపోగానే దించాలి.

మాటలు అయ్యాక చేతలు కూడా రాయండి. మా తాత బాణం తోకను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి లాగేవాడు. నాకు అలా పట్టు దొరికేది కాదు, బాణం జారిపోయేది. ఒక ఆదివారం ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి తీసుకుని, బొటనవేలు మీద ఉన్న చెమట తన పంచె అంచుతో తుడిచి, పొయ్యిలోంచి చల్లటి బూడిద చిటికెడు తెచ్చి రాశాడు. ఆ రోజు మొదటిసారి నారి నా చెవి దాకా వచ్చింది. నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నదంతా ఒకెత్తు, ఆ చిటికెడు బూడిద ఒకెత్తు. మీకూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. గుర్తొచ్చేదాకా కూర్చోండి. తర్వాత ఆయన ముందు నోరు విప్పినప్పుడు మీకు పనికొచ్చేది అదే.

బాకీ వేరు, కృతజ్ఞత వేరు. ముందు బాకీ తీర్చండి

ఈ మాట ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నేర్చుకునే రోజుల్లో మనం బాణాలు విరగ్గొడతాం. రాయికి తగిలి మొన వంగుతుంది, చెట్టుకు తగిలి కర్ర చీలుతుంది, పొదల్లో పడి దొరకదు. ఒక్క బాణం తయారు కావాలంటే సన్న వెదురు వెతికి కోయాలి, నీడలో ఆరబెట్టాలి, నిప్పుల మీద వేడి చేసి ఒక కన్ను మూసి చూసుకుంటూ వంపులు తీయాలి, ఈకలు కోసి దారంతో చుట్టాలి. మొదటి ఏడాది నేను విరగ్గొట్టినవి, పోగొట్టినవి కలిపి ముప్పైకి తక్కువ ఉండవు. ఆయన ఒక్కసారీ లెక్క అడగలేదు. అడగలేదు కాబట్టి లెక్క లేదనుకోవడం మన తప్పు.

కాబట్టి కూర్చుని లెక్క వేయండి. ఎన్ని బాణాలు, ఎన్ని పూటలు, మీ ఊళ్ళో రోజు కూలీ ఎంత నడుస్తోంది. వచ్చిన మొత్తాన్ని పండుగ రోజున కాకుండా, దండలూ తాంబూలాలూ ఏమీ లేని మామూలు రోజున ఇవ్వండి. "తాతా, ఇది నేను ఇరగ్గొట్టిన బాణాల కూలి" అని పేరు పెట్టి మరీ ఇవ్వండి. ఆయన వద్దంటాడు. "కూలి వద్దంటే నాకు పాపం జుట్టుకుంటది" అన్నాను నేను. తీసుకున్నాడు.

ఇది ముందే తీరిపోతే, తర్వాత మీరిచ్చేది ఏదైనా సరే, పాత లెక్క కింద ఇచ్చినట్టు ఉండదు. రెండూ కలిపేస్తే రెండూ చెడతాయి.

ఏకలవ్యుడి కథను ఒకసారి తిరగేసి చూడండి

విల్లు, గురువు అనగానే మన దగ్గర ఎవరైనా ఏకలవ్యుడి పేరే ఎత్తుతారు. గురుదక్షిణ అంటే బొటనవేలు కోసిచ్చినంత పెద్దది ఉండాలంటారు. నాకూ కొన్నాళ్ళు అదే మనసులో ఉండేది. కానీ మన సంగతి ఆ కథకు సరిగ్గా తలకిందులు. అక్కడ అడవి బిడ్డ ఇచ్చాడు, రాజుల గురువు తీసుకున్నాడు. ఇక్కడ ఇచ్చింది అడవి మనిషి, తీసుకున్నది ఊళ్ళో ఉండే మనం. నల్లమల నుంచి ఊళ్ళకు తేనె వచ్చింది, జిగురు వచ్చింది, వెదురు వచ్చింది, ఇప్పుడు మీకూ నాకూ ఈ విద్య కూడా వచ్చింది. దక్షిణ ఇటు నుంచి అటు పోవాలి. ఎంత ఇచ్చినా అది మన గొప్పతనం కింద లెక్కలోకి రాదు.

నాకు అంతకంటే దగ్గరగా అనిపించే కథ అర్జునుడిది. వేటగాడి వేషంలో వచ్చిన శివుణ్ణి గుర్తుపట్టక అర్జునుడు పంది కోసం కొట్లాటకు దిగుతాడు. బాణాలన్నీ అయిపోయి, ఓడిపోయి, చివరికి ఆ అడవి మనిషి కాళ్ళ మీదే పడతాడు. పాశుపతం అప్పుడు దొరికింది. ఈ కథ మనసులో పెట్టుకుని పెంటకు పోతే నడక కూడా మారుతుంది.

రోజు ఎంచుకోవడం

గురుపూర్ణిమ చాలామందికి గుర్తొచ్చే రోజు. ఆషాఢ పౌర్ణమి. ఊళ్ళో, పట్నంలో ఉండే గురువుకైతే మంచి రోజే. అడవి లోపలికైతే అప్పుడు వానలు మొదలై మట్టి దారులు పాడవుతాయి.

నేను ఎంచుకున్నది దసరా. పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీద, అర్జునుడు గాండీవం తిరిగి అందుకున్నది ఆ చెట్టు మీది నుంచే. మన పాలమూరు, నల్లగొండ ఊళ్ళల్లో దసరా సాయంత్రం జమ్మి దగ్గరికి పోయి, ఆకు తెంపుకొచ్చి, "బంగారం" అని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం కదా. విల్లు నేర్పిన మనిషి చేతిలో జమ్మి పెట్టడం కంటే తగిన పని నాకు కనిపించలేదు. సాయంత్రం దాకా ఉంటే అడవిలో చీకటి పడుతుంది కాబట్టి, నేను తెల్లవారుజామునే కొంచెం ఆకు తెంపుకుని పోతాను.

అయితే ఒక్క జాగ్రత్త. పండుగ మనది. వాళ్ళ పెంటలో ఆ రోజు మనలాగే జరుపుకుంటారని అనుకోకండి. ముందే అడగండి. ఇప్పపువ్వు ఏరుకునే రోజుల్లో తెల్లవారకముందే ఇల్లంతా అడవిలో ఉంటుంది. తేనె తీసే రోజుల్లో మగవాళ్ళు కొండల మీద ఉంటారు. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులతో దారంతా నిండిపోతుంది, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఆ రోజుల్లో వాళ్ళకు మనతో కూర్చునే తీరిక ఉండదు. పెంటల్లో ఫోన్ సిగ్నల్ అందడం కష్టం. అంగడికి వచ్చిన వాళ్ళతో కబురు పెట్టి, తిరుగు కబురు వచ్చాకే బయల్దేరండి.

అమ్రాబాద్ పులుల అడవి లోపలి పెంటలకు పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. చెక్‌పోస్టులో నిజం చెప్పండి, ఎవరింటికి, ఎందుకు పోతున్నారో. ప్లాస్టిక్ కవర్లు, నీళ్ళ బాటిళ్ళు ఇంట్లోనే వదిలి గుడ్డసంచి, స్టీలు డబ్బా పట్టుకెళ్ళండి.

ఏం తీసుకెళ్ళాలి, ఏం తీసుకెళ్ళకూడదు

నా మొదటి తప్పు ఇక్కడే. రెండో ఏడాది హైదరాబాద్ పోయి ఫైబర్ గ్లాస్ విల్లు ఒకటి కొన్నాను. నా స్తోమతకు అది చాలా ఎక్కువ. సంతోషంగా తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నారి ఒకసారి లాగి వదిలి, "మంచిగుంది" అని గుడిసె చూరులో పెట్టాడు. నెల తర్వాత పోతే అక్కడే ఉంది, మీద దుమ్ముతో. ఆయన ఇంటామె, అవ్వ, మెల్లగా చెప్పింది: "నేను జేసిన ఇల్లు బాగలేదనే గదా గిది తెచ్చిండు, అన్నడు." ఇల్లు అంటే వాళ్ళ మాటలో విల్లే. ఆ మాట విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. జీవితమంతా విల్లులు చేసిన మనిషికి కొన్న విల్లు ఇవ్వడమంటే, ఆయన చేతిపని పనికిరాదని చెప్పడమే. ఆయన విద్యకు సంబంధించిన వస్తువు ఖరీదైనది కొని ఇవ్వకండి.

ఆయన విద్యలో మీరు ఏం నేర్చుకున్నారో చూపించే వస్తువు మాత్రం ఇవ్వండి. నా విషయంలో అది ఈకలు. బాణానికి మూడు ఈకలు కడితే మూడూ పక్షి ఒకే వైపు రెక్కవి అయి ఉండాలి. ఎడమ రెక్క ఈక ఒక వైపు వంగి ఉంటుంది, కుడి రెక్కది ఇంకో వైపు. రెండూ కలిపి కడితే బాణం గాలిలో తిన్నగా తిరగదు, ఊగుతుంది. ఇది ఆయన నాకు చెప్పిన మొదటి సంగతుల్లో ఒకటి. మూడో ఏడాది దసరాకు ముందు రెండు నెలలు మా వీధిలో నాటుకోళ్ళు పెంచేవాళ్ళందరికీ చెప్పి రెక్క ఈకలు పోగు చేశాను. కడిగి, నీడలో ఆరబెట్టి, ఎడమవి ఒక కట్ట, కుడివి ఒక కట్టగా విడదీసి, ఎడమ కట్టకు ఎర్ర దారం, కుడి కట్టకు తెల్ల దారం చుట్టాను. ఆయన ముందు పెడితే ముందు మామూలుగానే చూశాడు. తర్వాత ఎర్ర దారం కట్ట విప్పి ఒక్కో ఈకనూ వెలుతురుకు పట్టి చూశాడు. తెల్ల దారంది విప్పాడు. పాతిక ముప్పై ఈకలు, ఒక్కటీ వదల్లేదు. ఒక్కటి మాత్రం తీసి పక్కన పెట్టాడు, నేను కుడి కట్టలో పొరపాటున వేసిన ఎడమ ఈక. మిగతావన్నీ మళ్ళీ కట్టి, అవ్వను పిలిచి, "సూడు, ఇడిసి తెచ్చిండు" అన్నాడు. విడదీసి తెచ్చాడు అని. ఆయన నన్ను ఒకరి ముందు మెచ్చుకోవడం అదే మొదటిసారి.

నెమలి ఈకలు, అడవి పిట్టల ఈకలు మాత్రం తేకండి. ఇనుప మొనలు, వేటకు పనికొచ్చేవి ఏవీ ఇవ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, పైగా అది పులుల అడవి. మీరిచ్చిన వస్తువు వల్ల ఆయన మీద కేసు పడితే ఆ రుణం ఇంకే జన్మకూ తీరదు.

మామూలు కానుకల్లో నాకు నచ్చింది గొంగడి. మన పాలమూరు నల్ల గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించింది. వానకూ చలికీ ఆగుతుంది, పదేళ్ళు చిరగదు. శాలువా అలా కాదు, అది స్టేజీ మీద ఫోటో కోసం పుట్టిన వస్తువు. ముసలాయన అడవిలో శాలువాతో ఏం చేసుకుంటాడు?

ఇంటామెను మరిచిపోకండి. నేను పోయిన ప్రతి ఆదివారం అవ్వ నాకు గట్క (రవ్వతో వండే సంకటి) పెట్టింది. గురువు ఆయన ఒక్కడే అనుకుని పోయిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమెకు నారాయణపేట నూలు చీర తీసుకెళ్ళాను. కట్టుకునే వయసు, పని చూసుకుని కొనండి. పట్టు వద్దు, నూలే మేలు.

మందు సీసా తీసుకెళ్ళకండి. అడవిలోకి పోయేవాళ్ళు కొందరు అదే పెద్ద మర్యాద అనుకుంటారు. ఎవరు ఏం చెప్పినా, ఆయనే అడిగినా వద్దు.

డబ్బు ఇవ్వాలనిపిస్తే తాంబూలంలో పెట్టి ఇవ్వండి. రెండు తమలపాకులు, వక్క, నూట పదహార్లో వెయ్యి నూట పదహార్లో. రెండు చేతులతో ఇవ్వండి. బాకీ ముందే తీరింది కాబట్టి ఇది దక్షిణగానే నిలుస్తుంది.

నోటితో ఏం చెప్పాలి

"ధన్యవాదాలు", "కృతజ్ఞతలు" మైకు ముందు చెప్పే మాటలు. ఇంట్లో అమ్మకు మనం ఎప్పుడైనా ధన్యవాదాలు చెప్పామా? "థ్యాంక్స్ తాతా" అంటే తప్పేం లేదు గానీ, అది చాయ్ ఇచ్చిన వాడికి కూడా చెబుతాం. మన నోట్లో అంతకంటే మంచి మాటలు ఉన్నాయి: నీ పుణ్యాన, నీ చలువ, నీ చేతి చలవ, నీ రుణం తీరదు. వాటిలో ఒకటి తీసుకుని, నోటు పుస్తకంలో రాసుకున్న ఒక్క సంగతితో కలపండి. రెండు వాక్యాలు చాలు.

నేను చెప్పింది ఇది: "తాతా, ఆ రోజు నువ్వు నా ఏలికి బూడిద రాసినవు. నీ పుణ్యానే నా చెయ్యి నిలిచింది."

ఆయనకు బూడిద సంగతి గుర్తులేదు. "రాసిన్నా?" అన్నాడు. ఫర్వాలేదు. గుర్తుండాల్సింది మనకు.

పిలుపు విషయంలో ఒక మాట. మా దిక్కు తాతను "నువ్వు" అంటే అగౌరవం కాదు, దగ్గరితనం. అన్నాళ్ళూ నువ్వు అని పిలిచి ఆ రోజు ఉన్నట్టుండి "మీరు, గురువుగారూ" అంటే ఆయన బిగుసుకుపోతాడు. మీకు నేర్పింది నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో స్టేడియం కోచ్ అయితే, ఇండియన్ రౌండ్ అనే పోటీకి వాడే విల్లుతో 30 మీటర్లు, 50 మీటర్ల దూరం కొట్టడం నేర్పిన మనిషి అయితే, మీరు మొదటి రోజు నుంచీ ఎలా పిలుస్తున్నారో అలాగే "సార్" అనో "మేడమ్" అనో పిలవండి. మిగతా వరసంతా వాళ్ళకూ పనికొస్తుంది, ఒక్క గొంగడి తప్ప.

ఆయన ముందు విల్లు పట్టండి

చాలామంది కానుక ఇచ్చి, కాళ్ళు మొక్కి, వచ్చేస్తారు. నేర్పిన మనిషికి అసలు చూడాలని ఉండేది మీ చెయ్యి. ఆయన చేసిచ్చిన విల్లే తీసుకెళ్ళండి. ఇసుకో మట్టో నింపిన గోనెసంచి ఒకటి చెట్టుకు ఆనించి, వెనక ఎవరూ లేరని, పశువులు లేవని చూసుకుని, మూడు బాణాలు వేయండి. ఎక్కువ వద్దు. మూడింట్లో రెండు తప్పిపోయినా సంజాయిషీ చెప్పకండి. "ఏం తప్పు జేసిన తాతా?" అని అడగండి. అడగగానే ఆయన మళ్ళీ గురువైపోతాడు, లేచి వచ్చి మోచెయ్యి పట్టుకుంటాడు. ఆ వయసులో ఉన్న మనిషికి ఇంకా నేర్పడానికి ఏదో మిగిలే ఉందని తెలియడం ఎంత బలమో నేను కళ్ళారా చూశాను.

విల్లును కూడా చూస్తాడు, సిద్ధంగా ఉండండి. నారి దించే తెచ్చారా, వెదురు మీద పగుళ్ళు వచ్చాయా, నూనె రాస్తున్నారా. నేను రెండు నెలలకోసారి ఆముదం పలచగా రాసి గుడ్డతో తుడుస్తాను. ఆయన వేలితో రుద్దుకుని వాసన చూసి తలూపాడు.

ఫోటో, వీడియో, పేరు

నా రెండో తప్పు. ఆయన విల్లు లాగుతున్న వీడియో తీసి, ఊరి పేరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టాను. నా గురువును లోకానికి చూపిస్తున్నానన్న సంతోషమే తప్ప ఇంకో ఆలోచన లేదు. రెండు వారాల్లో ఎవరెవరో కార్లు వేసుకుని "ఇల్లంబుల తాత ఎక్కడ?" అంటూ పెంట దాకా వచ్చారు. ఉడుతను కొట్టి చూపించమన్నారట. ఆయన ఇంటి వెనక నుంచి లేచిపోయి, వాళ్ళు వెళ్ళేదాకా వాగు దగ్గర కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి ఆదివారం పోతే విల్లు బయటికి తీయలేదు, అంతే. ఆ రోజే వీడియో తీసేశాను. మళ్ళీ విల్లు బయటికి రావడానికి మూడు ఆదివారాలు పట్టింది.

కాబట్టి ముందు అడగండి. ఫోటో తీయనా, ఎవరికి చూపించనా, నీ పేరు చెప్పనా, పెంట పేరు చెప్పనా. ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు, ఒకదానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు. ఆయన చెట్టు వైపో పొద వైపో గురిపెట్టిన ఫోటో అసలే బయట పెట్టకండి, చూసేవాళ్ళు దాన్ని వేట అనుకుంటారు. నేను ఆయన పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. ఆయన వద్దన్నాడు.

ఉత్తరం రాయండి, ఆ ఇంటి పిల్లతో చదివించండి

ఆయనకు చదువు రాకపోతే ఉత్తరం ఎందుకని అనుకోకండి. ఆయన మనవరాలు ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చదివేలా, పెద్ద అక్షరాలతో ఒక్క పేజీ రాసి ఇచ్చాను. మీకు నమూనాగా ఉంటుందని కొంత ఇస్తున్నాను.

"తాతకు,
మొదటి ఆదివారం నేను ఏడు బాణాలు వేసిన. ఒక్కటి గూడ సంచికి తగల్లేదు. నువ్వు నవ్వలేదు. ఏడూ ఏరుకొచ్చి మళ్ళ నా చేతికిచ్చినవు. వానాకాలం నేను రాకపోతే ఎందుకు రాలేదని అడగలేదు, వచ్చిననాడు విల్లు తెచ్చి ముందల పెట్టినవు. బాణం పోయే జాగ చూడమని నువ్వు చెప్పిన మాట నాకు కొట్లో కూర్చున్నప్పుడు గూడ పనికొస్తున్నది. గిరాకీ లేదని దిగులు పడ్డప్పుడు గుర్తుకొస్తది. అవ్వ పెట్టిన గట్క రుచి మా ఇంట్ల రాదు. ఈ ఉత్తరం చదువుతున్న నీ మనవరాలికి నువ్వు విల్లు నేర్పితే, ఆమెకు నేను బాణాలు ఏరి ఇస్త."

చివరి వాక్యం రాసింది ఉత్తమాటగా కాదు. వెదురు విల్లుతో మొదలైన చేతులు ఎంత దూరం పోగలవో మనకు తెలుసు. రాజస్థాన్ గిరిజన కుటుంబం నుంచి వచ్చిన లింబారామ్ 1988, 1992, 1996 ఒలింపిక్స్ మూడింటిలో దేశం తరఫున ఆడాడు. ఉత్తరం చదివిన నెలకు ఆ పిల్ల విల్లు పట్టింది. తాత కన్నా గట్టిగా తిడుతుంది నన్ను, బాణం ఆలస్యంగా తెస్తే.

ఆ ఒక్క రోజుతో ఆపకండి

పెద్ద వయసు మనిషికి ఏడాది పొడుగునా చిన్న పనులు ఉంటాయి. పింఛను కాగితం, ఆధార్‌లో తప్పు పడ్డ పేరు, కళ్ళ పరీక్షకు అచ్చంపేట ఆసుపత్రి. మీకు బండి ఉంటే అడగండి, ఆయన ఊ అంటేనే చేయండి. కొందరికి సాయం అడగడం కష్టం, నేరుగా అడిగితే వద్దంటారు. "రేపు నేను ఆ దిక్కే పోతున్న, వస్తావా" అంటే ఎక్కి కూర్చుంటారు.

మీరు ఎవరికైనా నేర్పేటప్పుడు ఆయన మాట మీ మాటగా చెప్పుకోకండి. "మా తాత ఇట్ల చెప్పిండు" అని చెప్పి మరీ చెప్పండి. నేను అచ్చంపేటలో ఇద్దరు పిల్లలకు నేర్పుతున్నాను. విల్లు పట్టే ముందు వాళ్ళు నాకు మొక్కబోతే, నల్లమల దిక్కు తిరిగి మొక్కమన్నాను.

నేర్పిన మనిషి ఇప్పుడు లేకపోతే ఆ ఇంటికే పోండి. ఇంటామెతో కూర్చోండి. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు మీ పెద్దల పేర్లతో పాటు ఆయన పేరూ చెప్పి బియ్యం ఇవ్వండి. ఆయన చేసిన విల్లు మీ దగ్గర ఉంటే, ఆ ఇంటి పిల్లల్లో ఎవరికైనా కావాలా అని ఒకసారి అడగండి. కావాలంటే ఇచ్చేయండి.

తిరిగి వచ్చేటప్పుడు

మీరు లేవగానే అవ్వ ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. తేనె, ఏదో గడ్డ, గుప్పెడు చింతపండు. "వద్దు అవ్వా, మీకే ఉంచుకోండి" అనకండి. ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం కూడా వాళ్ళకు మర్యాదే. గిన్నెలో ఇస్తే గిన్నె ఖాళీగా తిరిగి పంపకండి, మళ్ళీ పోయినప్పుడు బెల్లమో పప్పో వేసి పట్టుకెళ్ళండి. నా దగ్గర ఇప్పుడు వాళ్ళ సత్తు గిన్నె ఒకటి ఉంది, శనగలు పోసి కొట్లో పై అరలో పెట్టాను, వచ్చే ఆదివారానికి.

పొద్దు గూకక ముందే లేవండి. మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటలకు రోడ్డు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది పొద్దున 6 గంటలకే. మీరు చూసుకోకపోయినా తాత చూసుకుంటాడు. మాట మధ్యలో ఆకాశం కేసి చూసి, "ఇగ పో బిడ్డా" అంటాడు. అనగానే లేచి, విల్లు నారి దించి ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.